ఎరుపు లేని ఊరు

మా కొండ మీద ప్రతి గోడకూ ఎర్ర రంగు పూయించినవాడే ఏడేళ్ల తర్వాత తిరిగొచ్చి, మాది ఎరుపు లేని ఊరని బోర్డు పాతించాడు. రాజు మీద చేసిన యుద్ధంలో అతని పేరు జ్వాల. ఇప్పుడు టేక్ సార్. పిల్లల ఆరోగ్యం బాగుచేసే పథకానికి మా వైపు పెద్ద అతనే.

ఆ రోజుల్లో మా అటక మీద నలభై రోజులు దాక్కున్నాడు. మా ఆవిడ, పేరు జౌకలా, వండిన మొక్కజొన్న సంకటి తిన్నాడు. తాయెత్తు కట్టిన చేయి తుపాకీ పట్టదనేవాడు. "ముందు నీ ఇంట్లోనే కోసెయ్యన్నా, నిన్ను చూసి ఊరు కోస్తుంది" అన్నాడు. మా రెండేళ్ల కొడుకు సేతే చేతి తాయెత్తును కొడవలితో నేనే కోశాను. తొమ్మిదో రోజున వాడు విరేచనాలు పట్టుకుని పోయాడు. తాయెత్తు తీసినందుకే పోయాడంది జౌకలా. నేను కాదనలేదు. అలా అనుకుంటేనే నాకు కాస్త నయం.

యుద్ధం ముగిశాక కూతురు అస్మలీ పుట్టింది. దాని ఎడమ చేతికి మా ఊరి భూతవైద్యుడు ధామీ డోలు కొట్టి, మంత్రించి, ఏడు పొరల గుడ్డలో పులిగోరు చుట్టి బొటనవేలంత తాయెత్తు కట్టాడు. కింద చేయి మాత్రం మొక్కజొన్న కాడలా ఉంటుంది.

టేక్ వచ్చి, పిల్లల్ని కొలవడానికి ఇంటింటికీ చెప్పి రమ్మన్నాడు.

"నీ మాట పట్టుకుని నేను చెప్పినప్పుడల్లా ఏం జరిగిందో ఊరికి గుర్తుందయ్యా."

"ఆ పాత గోలెందుకన్నా? అప్పుడు ప్రాణాలు అడిగాం, ఇప్పుడు పొట్లాలిస్తున్నాం."

వెళ్లి చెప్పాను. ముప్పై ఒక్క మంది పిల్లలు వచ్చారు. ఆరోగ్య కార్యకర్త దన్‌మతి ఒక్కొక్కరి ఎడమ చేతికి మూడు రంగుల పట్టీ చుట్టింది. చేయి మరీ సన్నగా ఉండి పట్టీ ఎరుపు దగ్గర ఆగితే వేరుశనగ ముద్ద పొట్లాలు, జిల్లా కేంద్రంలో మంచం. పసుపైతే మంచి మాటలు. ఆకుపచ్చైతే చప్పట్లు. తాయెత్తు విప్పమని దన్‌మతి అడిగితే తల్లులు గొడవపడ్డారు.

"ఉండనియ్యి" అన్నాడు టేక్. "ప్రజల నమ్మకాన్ని గౌరవించాలి."

వీడు మనిషయ్యాడనుకుని నా కళ్లు చెమర్చాయి. పట్టీ తాయెత్తు మీంచే తిరిగింది. అస్మలీకి పసుపు. ఊళ్లో ఎవరికీ ఎరుపు లేదు.

బోర్డు పాతే రోజుకు ముందు నీళ్ల దగ్గర దన్‌మతి నన్ను ఆపింది.

"బాబాయ్, పట్టీ ఒట్టి చర్మానికే చుట్టాలి. గుడ్డ మీద చుడితే సన్న చేయి కూడా లావుగా లెక్కొస్తుంది. శిక్షణలో టేక్ సారే నేర్పాడు. గుడ్డ మీద చుట్టినవాళ్లను బయటికి పంపాడు కూడా."

"మరి ఇక్కడ?"

"ఎరుపు లేని ఊళ్లు పది చూపిస్తే ఆయనకు ఖాట్మండులో కుర్చీ. మీది పదోది."

ఇంటికెళ్లి జౌకలాతో తాయెత్తు విప్పమన్నాను. ఆమె పాపను ఒళ్లోకి లాక్కుంది.

"ఇంకా కొడవలి దాచావా? ఇది కూడా పోవాలా?"

"సేతే తాయెత్తు వల్ల పోలేదే. ఉప్పూ చక్కెరా కలిపిన పొట్లం ఒక్కటి ఉంటే బతికేవాడు. అవి ఉన్న ఆరోగ్య కేంద్రాన్ని అంతకు నెల ముందే మేం తగలబెట్టాం. అగ్గిపుల్ల గీసింది నేను."

జౌకలా పొయ్యిలో కట్టె ఎగదోసింది.

మర్నాడు టేక్ మెడలో బంతిపూల దండలు. కెమెరావాళ్లు వచ్చారు. జౌకలా పాపను ఎత్తుకుని జనం మధ్యలోంచి వెళ్లి, దన్‌మతి ముందు కూర్చుంది. పంటితో ముడి లాగి తాయెత్తు విప్పింది.

"ఇప్పుడు కొలువమ్మా."

ఎరుపు. చూడ్డానికి చదువు అక్కర్లేదు.

టేక్ నవ్వుతూనే వంగాడు. "వదినా, ఫోటోలయ్యేదాకా కట్టెయ్యి. సాయంత్రం పొట్లాలు నేనే ఇంటికి తెస్తా."

"నా సంకటి తిన్న నోరేనా ఇది?"

"అన్నా, నువ్వైనా చెప్పు."

"ప్రజల నమ్మకం కదయ్యా, గౌరవించు" అన్నాను.

మిగతా తల్లులు పిల్లల చేతుల మీదికి కొంగులు లాక్కున్నారు. ఇంకెవరూ విప్పలేదు. వాళ్లను తప్పుపట్టను. నేను చెబితే నమ్మి ఇప్పటికే ఒకసారి చెడ్డారు. దన్‌మతి జిల్లా కేంద్రంలో మంచానికి ఎర్ర చీటీ రాసి జౌకలాకు ఇచ్చింది. మా వెనక చప్పట్లు వినిపించాయి. బోర్డు నిలబడినట్టుంది.

జిల్లా కేంద్రానికి ఒకటిన్నర రోజు నడక. పాపను బుట్టలో కూర్చోబెట్టి, బుట్ట మోసే పట్టెడ నుదుటికి తగిలించుకుని నడిచాను. జౌకలా ముందు నడిచింది. రెండో కొండ ఎక్కాం. అక్కడ ఆగింది.

"ఆ అగ్గిపెట్టె నీ చేతికి ఇచ్చింది ఎవరు?"

"జ్వాల."

"వాడు ఇచ్చాడు. నువ్వు గీశావు."

నా నుదుటి మీంచి పట్టెడ తప్పించి, బుట్ట తన వీపుకెత్తుకుని ముందుకు సాగింది. ఖాళీ వీపుతో వెనకే నడిచాను.