పగలని అద్దం

మెట్ల మలుపులో గోడకు అతికించిన గాజు పట్టీ పగలనంత కాలం ప్రాణభయం లేదని ఇంజనీరమ్మ చెప్పి వెళ్ళింది. ఆ నాలుగంతస్తుల భవనంలో కాపురమున్న వారందరూ ఆ మాటను శిలాక్షరంగా నమ్మారు. జానెడు పొడవున్న పలుచని గాజు ముక్క అది. గోడ బీటవారిన చోట, బీటకు అడ్డంగా, రెండు కొసలనూ ప్లాస్టరు ముద్దలతో బిగించారు. గోడ వెంట్రుకవాసి కదిలినా గాజు ఓర్చుకోలేదు, విరిగిపోతుంది. విరిగిన మరుక్షణం అందరూ కట్టుబట్టలతో వీధిలోకి దిగిపోవాలి.

భూకంపం ఆ నగరాన్ని నేలమట్టం చేసి కొన్నేళ్ళయింది. ఇప్పుడు నగరం మళ్ళీ లేస్తోంది. లేవడమంటే ముందు తవ్వడమే. పక్క స్థలంలో నాడు కూలిన మేడ చోట ఆకాశాన్నంటే కట్టడం కడతామంటూ పాతాళానికి దారి తీసినట్లు గొయ్యి తీశారు. పొద్దు పొడిచింది మొదలు వాలేదాకా ఆ గోతిలో ఉక్కు స్తంభాలను దిగగొట్టే యంత్రం మోగుతూనే ఉండేది. ప్రతి దెబ్బకూ మూడో అంతస్తులో కుట్టు మిషను మీది కత్తెర వణికేది. దానితో పాటు కుట్టే ఇల్లాలి గుండె కూడా.

ఆమెను ఆ భవనంలో అందరూ అద్దాల పెద్దాయన కోడలనే పిలిచేవారు. మామగారు జీవితమంతా అద్దాలు కోసి బిగించిన మనిషి. భూకంపం తరువాత ఆ భవనంలో పగలని కిటికీ ఒక్కటి లేకపోతే, అన్నింటికీ ఆయనే తన చేతులతో కొత్త అద్దాలు వేశాడు. కొడుకు ఆ గోతికే కాంక్రీటు లారీ తోలుతాడు. కోడలు, అక్కడ లేవబోయే ఇళ్ళకు నమూనాగా చూపే గదికి కర్టెన్లు కుడుతోంది. ఏ గొయ్యి వల్ల కంటికి కునుకు లేదో, ఆ గొయ్యే ఆ ఇంటికి కూడు పెడుతోంది.

"మా పిండి కూడా ఇంత తొందరగా పొంగదమ్మా, ఆ మేడ పొంగేలా ఉంది!" అనేవాడు కింది వాటాలో రొట్టెల దుకాణం నడిపే ఆయన. నవ్వేవాడే కానీ, ఆయన కళ్ళు కూడా మెట్ల మలుపు వైపు ఒకసారి వెళ్ళి వచ్చేవి.

కోడలికి మాత్రం ఆ గాజు మీద ఎంత గురి ఉన్నా లోపల ఏదో తొలిచేది. దారపు ఉండ చేజారితే ఎప్పుడూ గొయ్యి వైపు గోడకే దొర్లిపోయేది. గిన్నెలో పాలు ఒక అంచుకు ఎక్కి, మరో అంచున తగ్గి కనిపించేవి. లోపలి గది తలుపు గడపకు రాసుకుని కీచుమనేది. మామగారు చిత్రిక పట్టి, "వాన గాలికి చెక్క ఉబ్బిందిలే అమ్మాయీ," అనేవాడు. వానలు ఇంకా మొదలే కాలేదు. ఆ సంగతి ఆమెకూ తెలుసు, ఆయనకూ తెలుసు. అయినా ఆమె కిందికి పోయి గాజును చూసి వచ్చేది. అది నిక్షేపంగా ఉండేది. భయపడేది తన పిరికితనం వల్లనేనని మనసుకు చెప్పుకునేది.

ఆ రోజు గుడ్డల మూట చంకన పెట్టుకుని మెట్లెక్కుతూ, అలవాటు ప్రకారం మలుపులో ఆగి, దేవుడి పటాన్ని తాకినట్లు గాజును వేలితో తాకింది. వేలికి తడి తగిలింది. ప్లాస్టరు ముద్ద పైపొర చల్లగా, ఇంకా మెత్తగా ఉంది. వేలిముద్ర పడింది.

ఆమె వేలు వెనక్కి తీసుకుంది. ఇంజనీరమ్మ ఈ పట్టీ అతికించి నెలలు గడిచాయి. తొలినాడే తన కూతురు గాజు మూలన గోళ్ళ రంగుతో ఎర్రచుక్క పెట్టి తన్నులు తిన్నది. ఆ చుక్క కోసం వెదికింది. లేదు. తుడిచిన మరక కూడా లేదు. కొత్త గాజు, అంచులు నున్నగా, కొలతకు సరిగ్గా కోసిన గాజు. అలా కోయగల చెయ్యి ఆ భవనంలో ఒక్కటే ఉంది. అందరికంటే ముందు లేచి, ఎవరూ అడగకుండానే మెట్లు ఊడ్చే చెయ్యి.

మూట అక్కడే వదిలి పైకి పరుగెత్తింది.

మామగారు కుర్చీలో కూర్చుని కళ్ళద్దాలు తుడుచుకుంటున్నాడు. జ్వరం తగ్గినా ఇంకా బడికి పోని మనవరాలు, ఇంట్లో అందరూ పిచ్చుక అని పిలిచే పిల్ల, లోపలి గదిలో బొత్తాలతో ఆడుకుంటోంది.

"మామయ్యా, ఆ గాజు మీరు మార్చారా?"

పెద్దాయన తల ఎత్తలేదు. "మెల్లగా. గోడలకు చెవులుంటాయి."

"గోడలకు చెవులు కాదు, బీటలున్నాయి! ఎన్నిసార్లు మార్చారు?"

"మొదటిది చాలాకాలం నిలిచింది తల్లీ." ఆయన కళ్ళద్దాలు మళ్ళీ తుడిచాడు. "తరువాతది పున్నమి నుంచి అమావాస్య దాకా. ఆ తరువాత వారం కూడా ఆగలేదు. ఇది పొద్దున పెట్టాను."

"పిల్ల ఉన్న ఇల్లు కదా మామయ్యా! మీకు చేతులెలా వచ్చాయి?"

"పిల్ల ఉందనే చేశాను." అప్పుడు తల ఎత్తాడు. "భూకంపం తరువాత మనల్ని ఉంచిన ఆ రేకుల షెడ్డు మరిచావా? మీ అత్తయ్య చలికి నీలుక్కుపోయి పోయింది అక్కడే కదా. అప్పుడు నేను చేతులు రుద్దుతూ కూర్చున్నాను. ఖాళీ చేసిన ఏ ఇంటికైనా మనిషి తిరిగి వచ్చాడా చెప్పు? ఇల్లున్న చోట గొయ్యి వచ్చింది. మనల్ని దింపాక ఇదీ గొయ్యే. గోడ నిలబడే ఉంది కదా. అద్దం పిరికిది, ఊరికే పగులుతుంది. గోడ గట్టిది."

"షెడ్డులో చలేస్తే దుప్పటి కప్పుకుంటాం. ఈ గోడ కప్పితే..."

మాట పూర్తి కాలేదు. యంత్రం దెబ్బ పడింది. పైకప్పు నుంచి సున్నం పొడి జల్లెడ పట్టినట్లు రాలింది. ఎక్కడో గోడలో చెరకు గడ విరిచినట్లు ఫెళ్ళుమంది. లోపలి గది తలుపు దానంతట అదే మూసుకుని బిగుసుకుపోయింది.

"అమ్మా!" అని పిచ్చుక అరుపు. "తలుపు రావట్లేదు!"

కోడలు భుజంతో తోసింది. ద్వారబంధం పక్కకు ఒరిగి తలుపును పళ్ళతో కరచినట్లు పట్టుకుంది. మామగారు వచ్చి తోశాడు. వృద్ధుని బలమెంత! తలుపు వీసమెత్తు కదలలేదు. లోపల పిల్ల ఏడుపు, పైన ఏదో జారుతున్న చప్పుడు, బయట మళ్ళీ మళ్ళీ పడుతున్న దెబ్బ. కోడలి చేతులు చెక్కను గీరుతున్నాయి.

తలుపు పైన వెలుతురు కోసం బిగించిన అద్దం ఉంది. భూకంపం తరువాత పెద్దాయన వేసిన అద్దాల్లోకెల్లా అందమైనది. అంచులకు ఆకుల లత చెక్కి మురిసిపోయాడు. జీవితంలో కావాలని ఒక్క అద్దాన్ని పగలగొట్టని ఆ మనిషి కుట్టు మిషను బల్ల ఈడ్చి ఎక్కాడు. కర్టెను గుడ్డ పిడికిలికి చుట్టాడు.

"పిచ్చుకా! మంచం కింద దూరు, తలమీద దిండు పెట్టుకో!"

ఒక్క గుద్దు. లతలు, ఆకులు గలగలమని నేల రాలాయి. చెక్కకు మిగిలిన కొనలను ఒక్కొక్కటే పీకి, గుడ్డ పరిచి, "ఇప్పుడు మంచమెక్కి చేతులివ్వు బంగారూ" అన్నాడు. చేతుల నిండా నెత్తురు. ఆ నెత్తుటి చేతులతోనే పిల్లను పైకి లాగి కోడలి ఒడిలోకి జార్చాడు.

"కిందికి పో. వెనక్కి చూడకు. మీ ఆయనకు ఫోన్ చేసి యంత్రం ఆపించమను. నేను తలుపులు కొడతాను."

ఆమె పిల్లను ఎత్తుకుని, భర్తకు ఫోన్ చేస్తూనే దిగింది. పై అంతస్తుల్లో ఆయన ఎక్కుతూ, దిగుతూ, ప్రతి తలుపునూ బాదుతూ కేకలు వేస్తుంటే జనం ఒక్కొక్కరే బయటికి వచ్చారు. రొట్టెల దుకాణం ఆయన పిండి చేతులతోనే మెట్ల దగ్గర అడ్డం నిలిచాడు.

"ఏం పెద్దాయనా, పొద్దున్నే పూనకమా? అద్దం చెక్కు చెదరలేదు కదా! నిన్ననే చూశాను."

"నిన్న చూసింది అబద్ధం నాయనా. దాని చేత అబద్ధం చెప్పించింది నేనే. ఇవాళ్టిది చూడు."

అందరూ మలుపులోకి తలలు చాచారు. ఆ ఉదయమే అతికించిన గాజు నడిమికి రెండుగా విరిగి, రెండు ముక్కల మధ్య వేలు పట్టేంత సందు ఇచ్చి ఉంది. ఎవరూ ఆయనను తిట్టలేదు. తిట్టడానికి కూడా ఊపిరి కావాలి కదా. అందరికంటే ముందు రొట్టెల ఆయన తన తల్లిని వీపున ఎత్తుకుని నడిచాడు.

వీధికి అవతలి పక్కన అందరూ గుంపుగా నిలబడ్డారు. వీధి చివర నుంచి లారీ దిగి పరుగెత్తుకు వచ్చిన పెద్దాయన కొడుకు మేస్త్రీకి చెప్పి యంత్రం ఆపించానన్నాడు. చాలా నెలల తరువాత ఆ వీధిలో తొలిసారి నిశ్శబ్దం పడింది.

అప్పుడు వినిపించింది. అంతకాలం యంత్రపు మోత కింద దాగిన చప్పుడు. ఎండలో ఆరుతున్న కట్టెపుల్లలు చిటపటమన్నట్లు, పళ్ళు నూరుకున్నట్లు, భవనం లోపలి నుంచి ఎడతెగని చిన్న చప్పుడు. అది ఎన్నాళ్ళుగా ఉందో ఎవరికీ తెలియదు. దాని ఒడిలోనే వండుకున్నారు, తిన్నారు, నిద్రపోయారు. కోడలు పిల్ల చెవులు మూసింది. తన చెవులు మూసుకోవడానికి ఆమెకు చేతులు చాలలేదు.

"తాతా, మన కిటికీ!" అంది పిచ్చుక.

మూడో అంతస్తు కిటికీ అద్దం ఒక్కసారిగా మెరిసి, ముక్కలై రాలింది. తరువాత దాని పక్కది. ఆ కింద ఇంకొకటి. చట్రాలు ఒరుగుతుంటే పెద్దాయన తన చేతులతో కొలిచి, కోసి, లప్పం పెట్టి నిలిపిన అద్దాలు పైనుంచి కిందికి వరుసగా పగులుతూ వచ్చాయి. ఒక్కొక్కటి పగిలినప్పుడు ఆయన పెదవులు కదిలాయి. దైవాన్ని తలచుకుంటున్నాడో, లెక్క పెట్టుకుంటున్నాడో ఎవరికి తెలుసు?

కోడలు ఆయన నెత్తుటి చేతిని తన కొంగుతో చుట్టి గట్టిగా పట్టుకుంది. ఈసారి ఆ చెయ్యి పగిలిన అద్దాన్ని మార్చడానికి లేవలేదు.