సరే అన్న ట్యూబు

నెలలో రెండో ఆదివారం పొద్దున్నే, జపాన్‌లోని ఒనోమిచి రేవు వీధిలో ఫుమియె గారి కాఫీ కొట్టు మేడ మీద ఎనిమిది మంది ముసలివాళ్ళు చెప్పులు విడిచి చాపల మీద కూర్చుంటారు. ఒక్కొక్కరి ఒళ్ళో పాత రేడియోల్లో వెలిగే గాజు వాక్యూమ్ ట్యూబు ఒకటి, పసిబిడ్డలా గుడ్డలో చుట్టి ఉంటుంది. యాంప్లిఫయర్ తెర వెనక ఉంటుంది. పాట ఒకటే, ట్యూబులే మారతాయి. ఏది ఎవరిదో తెలియకుండా విని, చెయ్యెత్తి ఓటు వెయ్యాలి. ఫుమియె గారు మేడెక్కదు. కాఫీ ట్రే మెట్ల మీద పెట్టి కేకేసి దిగిపోతుంది.

పాత ట్యూబులు తాము వెలిగిన గదుల్లో విన్నది మరిచిపోవు కదా. పాట ఆగి సద్దుమణగగానే కాస్త బయటపెడతాయి. బడిలో వెలిగిన ట్యూబు ఎక్కం అప్పజెబుతుంది. పడవల ఆఫీసు ట్యూబు తుమ్ముతుంది. "ఒళ్ళు జాగ్రత్త" అంటారు అందరూ.

ఆ ఎనిమిది మందిలో ఒకడైన తోకునాగకి వాటితో పేచీ లేదు. పేచీ అంతా షిబాయామ ట్యూబుతోనే.

ఊళ్ళో సినిమా హాలు పడగొట్టినప్పుడు దాని యాంప్లిఫయర్‌లోంచి ఒక జత దొరికింది. చీటీలు వేసి వీళ్ళిద్దరికీ చెరొకటి ఇచ్చారు. ఆ హాల్లో పదకొండేళ్ళు రీళ్ళు తిప్పినవాడు తోకునాగ. చేపల వ్యాపారి షిబాయామ అక్కడికి వెళ్ళిందే నిద్రపోవడానికి! అయినా తోకునాగ ట్యూబులో ఎవడో మగాడి గొణుగుడు తప్ప ఏమీ లేదు. షిబాయామ ట్యూబు మాత్రం, పాట ఆగగానే, లేత గొంతుతో, "సరే. కానీ మా అమ్మతో మీరే చెప్పాలి," అంటుంది. అందరూ నిట్టూరుస్తారు. ఓట్లన్నీ దానికే.

ఎనిమిదేళ్ళుగా ఇదే వరస. ఆ ఆదివారాల్లో తోకునాగకి ఇంట్లో మిసో పులుసు గొంతు దిగదు. అసూయ ట్యూబు మీదే కాదు, ఆ "సరే" అనిపించుకున్న మగాడి మీద కూడా. ఎవడో ఆ అదృష్టవంతుడు! తనతో ఒక్కరూ ఆ మాట అనలేదు. అరవై తొమ్మిదేళ్ళొచ్చినా ఒక్కడే వండుకుంటున్నాడు.

"ఏమయ్యా తోకునాగా, మీవాడు ఇవాళైనా నోరు విప్పుతాడా?" అన్నాడు షిబాయామ.

"నీ చేపల కంపుకి ముక్కు మూసుకుని మాట్లాడుతున్నాడు, పాపం."

ఆ రోజు తెర వెనక ట్యూబులు మార్చే వంతు తోకునాగకి పడింది. తన ట్యూబుని యాంప్లిఫయర్ ఎడమ గూట్లో పెట్టాడు. అందరివీ ఒంటి ట్యూబులే కనక కుడి గూడు ఎప్పుడూ ఖాళీయే. దానివంక చూస్తూ నిలబడ్డాడు. షిబాయామది ఇందులో పెడితే, ఆ "సరే" ఒక్కసారైనా తన పేర పడుతుంది.

పెట్టేశాడు.

రెండూ ఎర్రబడ్డాయి. పాట అయిపోయింది. జత కలిసిందేమో, ఎడమ స్పీకర్ పెట్టెలో గొణుగుడు ఈసారి తేటపడింది.

"ఫుమియె గారూ, నాతో ఉండిపోతారా?"

కుడి పెట్టెలోంచి, "సరే. కానీ మా అమ్మతో మీరే చెప్పాలి."

తన గొంతు బయట నుంచి వింటే ఎవరు పోల్చుకుంటారు? పేరు వినగానే తోకునాగకి తెలిసిపోయింది. నలభై రెండేళ్ళ కిందట, టికెట్లమ్మే ఫుమియెని ప్రొజెక్టర్ గదిలో, ఆ యాంప్లిఫయర్ పక్కనే నిలబడి అడిగింది తనే. అడిగిన క్షణానే రీలు అయిపోయింది. రెండో యంత్రం వైపు తిరిగాడు. ఆ మోతలో ఏమీ వినబడలేదు. మళ్ళీ చూస్తే ఆమె లేదు. కాదందనుకుని మొహం చాటేశాడు. మరుసటేడు ఆమె కాఫీ కొట్టాయన్ని పెళ్ళాడింది. ఆయనా పోయి ఆరేళ్ళు.

ఇన్నాళ్ళూ ఎవణ్ణి చూసి కుళ్ళుకున్నాడో వాడు తనే.

"అది నా ట్యూబు!" షిబాయామ లేచి తెర లాగేశాడు. ఆయన కళ్ళల్లో ఎన్నడూ లేని మంట.

మెట్ల మీద కప్పులు గలగలమన్నాయి. ఫుమియె గారు మొదటిసారి మేడెక్కి వచ్చింది. ట్రే చాప మీద పెట్టి, చేతులు ఏప్రన్‌కి తుడుచుకుంది.

"మా అమ్మ ఆ నెలంతా గుమ్మంలోనే కూర్చుంది, మీరొస్తారని," అంది. "పోయి ఇరవై ఏళ్ళయింది. ఇక నాతోనే చెప్పండి."

తోకునాగ నోరు తెరిచాడు.

షిబాయామ గొణుక్కుంటూనే వంగి, పాట అయిపోయినా ఇంకా తిరుగుతున్న రికార్డుని ఆపేశాడు. ఈసారి ఏ మోతా అడ్డం రాకూడదని.