బొల్లారం ఆయా తెచ్చిన చిట్టీలు

“నర్సరీలో వేస్తే తట్టు అంటించుకొస్తుంది. ఆయాకి అప్పజెబితే ఎత్తుకుపోయి ఎవరికైనా అమ్మేస్తుంది. నేనేం చెయ్యనండీ?”

కంచం ముందు కూర్చున్న యెషయా ఇంకా మొదటి ముద్ద నోట్లో పెట్టుకోలేదు. పొద్దున ఏడున్నర. ఎనిమిదింటికల్లా రైలు పార్సిలు ఆఫీసులో ఉండాలి. అతను భార్య ముఖం చూశాడు, ఆమె ఒళ్ళో వేలు చీకుతున్న రెండేళ్ళ మేబెల్‌ని చూశాడు, మళ్ళీ కంచంలోకి చూశాడు.

“దీన్ని కొనేవాడెవడే? కొన్నవాడు ఒక్క పూట దీని ఏడుపు విని, మర్నాడు తెచ్చి మన అరుగు మీదే దింపి పోతాడు.”

“మీకు నవ్వులాటగా ఉంది.”

“నవ్వే ఓపిక కూడా లేదు సువార్తా. సోమవారం లోపల ఏదో ఒకటి తేల్చు.”

సువార్త ఆస్పత్రి కుట్టుగదిలో చిరిగిన దుప్పట్లకి, దిండు గలీబులకి అతుకులు వేస్తుంది. ఐదో తరగతి చదువుకి అంతకంటే మంచి పని దొరకదని ఆమెకి తెలుసు. ఉన్న ఆ పని కూడా పోతుందని రోజుకి నాలుగుసార్లు అనుకుంటుంది. ఇన్నాళ్ళూ పిల్లని అత్తగారు ఎలీసబెతమ్మ చూసుకుంది. మొన్న సెప్టెంబరులో పోలీసు చర్య జరిగి మిలిటరీ ఊళ్ళోకొచ్చిన రోజున బస్సులు ఆగిపోతే సువార్త ఆస్పత్రి నుంచి మల్కాజ్‌గిరి దాకా నడిచే వచ్చింది. ఆ దారి పొడుగునా పిల్లని మనసులో నాలుగు రకాలుగా చంపుకుంటూ వచ్చింది. తీరా ఇంటికొస్తే మేబెల్ నాయనమ్మ ఒళ్ళో కూర్చుని బెల్లంముక్క చప్పరిస్తోంది. తర్వాత పదిహేను రోజులకే ఆ నాయనమ్మ జ్వరమొచ్చి పోయింది. ఎన్నెన్నో అపాయాలు ఊహించిన సువార్త ఆ ఒక్కటీ ఊహించలేదు.

అప్పట్నించీ పక్కింటి కాంతమణి పిల్లని చూస్తోంది. ఇప్పుడు కాంతమణి భర్తకి బెజవాడ బదిలీ అయింది. శనివారం బండికి వాళ్ళు వెళ్ళిపోతారు. “సోమవారం నుంచి క్రమంగా వస్తే రా, లేకపోతే నీ కుర్చీ కోసం నలుగురు కాచుకుని ఉన్నారు” అని ఆస్పత్రి మేట్రన్ తేల్చి చెప్పింది.

ఆ గురువారమే సువార్త రెండు రోజులు సెలవడిగి పిల్లని చంకనేసుకుని కార్ఖానా పేటకి వెళ్ళింది. ఇంగ్లీషు దొరలు ఖాళీ చేసిపోయిన ఒక బంగళాలో చర్చి స్త్రీలు కొత్తగా నర్సరీ పెట్టారు. గోడలకి సున్నం వాసన ఇంకా పోలేదు. ముప్ఫైమంది పిల్లలకి ఇద్దరే మనుషులు. వాళ్ళలో పెద్దావిడ ఆలిస్ టీచరు. మాట్లాడుతూనే ఒక పిల్ల ముక్కు తన చీర చెంగుతో తుడిచి, ఇంకో పిల్లకి బొత్తాం పెట్టింది. మనిషి మంచిదే. కళ్ళ కింద మాత్రం నలుపు కట్టేసింది.

“బావి ఎక్కడుందండీ?” అంది సువార్త.

“వెనకాల. మూత ఉంది.”

“మూత తీసి మర్చిపోతే?”

“అలాంటివి మా దగ్గర జరగవమ్మా.”

“మెట్ల మీంచి జారిపడితే?”

“జరగవు.”

“తట్టు గానీ, కోరింత దగ్గు గానీ ఒకళ్ళకి వచ్చిందనుకోండి...”

“జ్వరమొచ్చిన పిల్లని రానివ్వం. తగ్గేదాకా ఇంట్లోనే ఉంచుకోవాలి.”

ఇంట్లో ఉంచుకునే వీలుంటే ఇక్కడికెందుకు వస్తానన్న మాట సువార్త నోటిదాకా వచ్చింది. మింగేసింది. “మళ్ళీ గలాటా అయి రోడ్లు మూసేస్తే?”

“గేటు వేసేస్తాం. పిల్లలు లోపల భద్రంగా ఉంటారు.”

“మరి మేము?”

ఆలిస్ టీచరు చీర చెంగు దోపుకుంది. హాలు చూపిస్తానని తీసుకెళ్ళింది. పన్నెండు గంటలయింది. గంట కొట్టగానే పిల్లలందరూ చాపల మీద వరసగా పడుకోవాలట. పడుకున్నారు కూడా. ప్రతి పిల్ల గౌనుకీ, ప్రతి పిల్లాడి చొక్కాకీ ఒక గుడ్డ పేలిక మీద అంకె రాసి పిన్ను పెట్టారు. సువార్త అలవాటుగా ఒక్కొక్కరి పొట్టా పైకీ కిందికీ కదులుతోందో లేదో చూసుకుంటూ నడిచింది. చివరి చాప మీద ఒక చిన్నపిల్ల కళ్ళు తెరిచే పడుకుని ఉంది. ఏడవడం లేదు, కదలడం లేదు, పైకప్పు కేసి చూస్తోంది.

“మూడు రోజులు గోలగోల చేసింది. ఇప్పుడు మానేసింది. అలవాటైపోయింది” అంది ఆలిస్ టీచరు తృప్తిగా. “మీ పాప కూడా అంతే. సోమవారం ఎనిమిదింటికి తీసుకురండి. సాయంత్రం దాకా మధ్యలో మాత్రం రాకండి. తల్లిని చూస్తే మళ్ళీ మొదటికొస్తుంది.”

సువార్త సరేనంది. సరేనన్నాక గేటు దాటి, పిల్లని గట్టిగా అదుముకుని, బస్సు కోసం కూడా ఆగకుండా చాలా దూరం నడిచింది.

శుక్రవారం మధ్యాహ్నం కాంతమణి పంపిందంటూ ఒకావిడ వచ్చింది. యాభై దాటిన మనిషి. పొట్టిగా, గట్టిగా ఉంది. ఇస్త్రీ చేసిన తెల్లచీర, నల్లంచు. బొల్లారంలో, పటాలం నౌకర్లుండే దిగువ లైన్లలో ఇల్లట. దొరల పిల్లల్ని పెంచిన ఆయా.

“సలామ్ మేంసాబ్. నా పేరు బుచ్చమ్మ.”

“మేంసాబ్ అనకమ్మా. నేను చిరిగిన దుప్పట్లు కుట్టేదాన్ని.”

“ఏం జెయ్యాలె, నోరు తిరిగిపోయింది. ఇర్వయేండ్లాయె.” బుచ్చమ్మ గడపవతలే కాళ్ళు కడుక్కుని, చేతులు కూడా కడుక్కుని లోపలికొచ్చింది. “బేబీ పేరేంది?”

“మేబెల్.”

“మేబెల్ బేబీ! మంచిగున్నది. గిట్లాంటి పేరున్న పిల్లల్ని మస్తుగ పెంచిన. అండ్లొకతి నా చెయ్యి కొరికింది. సూడు, ఇంక మచ్చ పోలె.”

మేబెల్ ఆ మచ్చని వేలితో పొడిచి చూసింది. కొత్తవాళ్ళని చూస్తే తల్లి మెడకి కరుచుకునే పిల్ల ఆ మచ్చ కోసం కిందికి దిగింది. సువార్తకి అదీ భయమే వేసింది. ఇంత తొందరగా వెళ్ళిందేమిటి, రేపు ఎవరు పిలిచినా ఇలాగే వెళ్తుందా అని.

అడగాల్సినవన్నీ అడిగింది. బుచ్చమ్మ ఏడు గంటల బండికి మల్కాజ్‌గిరిలో దిగుతుంది. చీకటి పడేలోపల తిరిగి పోతుంది. జ్వరమొస్తే? “జ్వరమొస్తె ఇంక ఎక్కువ దగ్గర ఉండాలె గదా!” రోడ్లు బందయితే? “ఈడ్నే పండుకుంట. నాకు ఇంట్ల ఎవరున్నరని? జెర చాప ఇయ్యి, చాలు.”

మాట్లాడుతూనే బుచ్చమ్మ కాళ్ళు చాపి, వాటి మీద పిల్లని పడుకోబెట్టుకుని వీపు మీద చిన్నగా తడుతోంది. పగలు నిద్రంటే ఎరగని మేబెల్ పదినిమిషాల్లో కళ్ళు మూసింది. ఇంట్లో చప్పుడు ఆగిపోయింది. గోడకి ఆనుకుని కూర్చున్న సువార్త ఒక్క క్షణం కళ్ళు మూద్దామనుకుని మూసింది. తెరిచేసరికి ఎండ గుమ్మం దాటి వెనక్కి పోయింది. రెండు గంటలు! అత్తగారు పోయాక ఆమె పగటిపూట అంతసేపు నిద్రపోవడం అదే మొదటిసారి.

వెళ్ళేముందు బుచ్చమ్మ నడుముకున్న సంచిలోంచి మైనపుగుడ్డ మూట తీసింది. లోపల మడతలు పెట్టిన కాగితాలున్నాయి. దొరల ఇళ్ళలో పనిచేసిన ఆయాలందరికీ ఉండేవే, పని మానేటప్పుడు దొరసానులు మంచీచెడ్డా రాసిచ్చే చిట్టీలు. అన్నీ ఇంగ్లీషులో ఉన్నాయి.

“నాకు చదువు రాదు. నీకొస్తదా బిడ్డా?”

“అక్షరాలు వచ్చు. మాటలు రావు. మా ఆయన చదువుతారు.”

“అయితె ముందుగల్ల గిది చదవమను. కర్నలు దొరసాని రాసింది. కాగితం సూడు ఎంత దళసరున్నదో. మీద కిరీటం గుర్తు సుత ఉన్నది.” ఆ కాగితాన్ని అన్నిటికంటే పైన పెట్టి, చీర చెంగుతో ఒకసారి తుడిచి ఇచ్చింది. “ఐతారం వస్త. రమ్మంటె సోమారం నుంచి షురూ జేస్త. వద్దంటె నా చిట్టీలు నాకిచ్చెయ్యి.”

సాయంత్రం యెషయా చొక్కా అయినా విప్పకముందే సువార్త మూట ముందు పెట్టింది. అతను కిందివాటి నుంచి మొదలుపెట్టాడు. “నమ్మకస్తురాలు. శుభ్రత గల మనిషి. ఇంట్లో చెంచా కూడా పోలేదు... ఇదీ అంతే... ఇందులో కొంచెం మొండిది అని రాశారు. నీకు సరిపోతుంది.” సువార్త ముఖంలో కొద్దికొద్దిగా వెలుగు వస్తోంది. చివరికి దళసరి కాగితం విప్పాడు. పెదవులు కదులుతూ ఆగిపోయాయి.

“ఏం రాసింది?”

“ఏం లేదులే.”

“చదవండి!”

యెషయా కాగితాన్ని దూరంగా పట్టుకుని నెమ్మదిగా తెలుగు చేశాడు. “ఈ ఆయా పిల్లలంటే ప్రేమ గలదే. కానీ నా కొడుకుని నిద్రపుచ్చడానికి నల్లమందు పెట్టింది. ఈమెని పనిలోకి తీసుకునేవాళ్ళు ముందుగా ఈమె కొంగుముడి, వేలి గోళ్ళు వెతికి చూసుకోవాలి.”

సువార్త గదిలోకి పరిగెత్తింది. మేబెల్ మంచం మీద వెల్లకిలా పడి నిద్రపోతోంది. ముక్కు కింద వేలు పెట్టి చూసింది. రెప్పలు పైకెత్తి చూసింది. బుగ్గలు తట్టింది. తడి గుడ్డతో ముఖం తుడిచింది. మేబెల్ ఉలిక్కిపడి లేచి, వీధి వీధంతా వినపడేలా ఏడుపు లంకించుకుంది.

“నిద్రపోతున్న పిల్లని లేపి ఏడిపించి, బతికుందని సంతోషిస్తున్నావా?” అన్నాడు యెషయా గుమ్మంలో నిలబడి. అతని గొంతులో కోపం లేదు, విసుగు కూడా అయిపోయింది. “ఇంక తేలిపోయిందిగా. నర్సరీలో వేద్దాం.”

“ఊఁ” అంది సువార్త. పిల్లని భుజానేసుకుని ఇటూ అటూ తిరుగుతూ మనసులో తనని తానే కొట్టుకుంటోంది. ఆ మనిషి ముందు తను రెండు గంటలు నిద్రపోయింది. ఆ రెండు గంటల్లో ఏం జరిగిందో తనకి తెలియదు.

శనివారం కాంతమణి వాళ్ళ సామాను జట్కా ఎక్కింది. ఆదివారం మధ్యాహ్నం చర్చి నుంచి వచ్చి అన్నాలు తిన్నాక బుచ్చమ్మ వచ్చింది. అదే ఇస్త్రీ చీర. యెషయా లోపలి గదిలో పేపరు చదువుకుంటున్నాడు. సువార్త పిల్లని చంక దించకుండానే ఒక్క చేత్తో మూట అందించింది. అందిస్తుంటే కళ్ళు ఆమె గోళ్ళ మీద పడ్డాయి. పొట్టిగా, చర్మం దాకా కత్తిరించి ఉన్నాయి.

బుచ్చమ్మ మూట తీసుకుంది. తల ఊపి లేవబోయింది. ఇలా లేచి వెళ్ళడం ఆమెకి బాగా అలవాటున్నట్టుంది.

“ఆ పెద్ద కాగితం ఎవరెవరికి చూపించావు?” అనేసింది సువార్త.

“అందర్కి. దాన్నే మీద పెడ్త. దొరలు పోయి ఏడాదాయె, ఏడాది సంది తిరుగుతున్న. వకీలు సాబు ఇంట్ల చూపిచ్చిన, డాక్టరమ్మకి చూపిచ్చిన. అందరు చదివి మళ్ల చెప్తం అంటరు. ఒక్కలు సుత మళ్ల చెప్పలే.”

“అందులో ఏం రాసుందో తెలుసా?”

“మంచిగ పెంచిందని రాసుంటది.”

సువార్త చెప్పింది. భర్త చెప్పిన మాటలు చెప్పినట్టే, గోళ్ళ సంగతితో సహా చెప్పింది. చెబుతుంటే తన గొంతే తనకి కఠినంగా వినపడింది. బుచ్చమ్మ మూట విప్పి ఆ కాగితం తీసి చూసింది. ఎన్ని వైపులకి తిప్పినా ఆమెకి కిరీటం గుర్తు ఒక్కటే తెలుస్తోంది.

“గందుకేనా...” అంది చివరికి.

“నిజమేనా అది?”

“నిజమే. ఇచ్చిన.” ఆమె తల దించలేదు. “గప్పుడు ఆయాలందరు ఇచ్చేటోళ్లు. దావతులైతుండె. పోరడు ఏడిస్తె దొరసానికి తక్లీఫ్. ఎట్ల పండుకున్నడని ఎవ్వలు అడగకపోదురు. గోరు సందున జెరంత పెట్టి చీకిస్తే అయిపోయె. ఒకనాడు ఎక్కువైంది. తెల్లారె, పొద్దుగూకె, పోరడు కండ్లు తెరవలే. నేను ఆని అరికాళ్లు రాసుకుంట కూసున్న. మళ్లనాడు పొద్దుగాల కండ్లు తెరిచి పాలడిగిండు. గప్పుడే పొమ్మన్నరు. అయినా చిట్టీ ఇచ్చిండ్రు, మాఫ్ జేసిండ్రనుకున్న. తొమ్మిదేండ్లాయె. తర్వాత సుత చిట్టీలు అడగనోళ్ల ఇండ్లల్ల నలుగురు పిల్లల్ని పెంచిన. అఫీము మల్ల ముట్టలే, గోళ్లు పెరగనియ్యలే.”

“శుక్రవారం దీనికి...”

“నా చేతులు నీ ముందట్నే కడిగిన గదా బిడ్డా.”

లోపల పేపరు చప్పుడు ఆగిపోయింది. బుచ్చమ్మ కాగితాన్ని మడిచి, ఈసారి అన్నిటికంటే అడుగున పెట్టి, మూట కట్టింది. లేచి నిలబడి చెప్పులేసుకుంది.

“ఇంకొక్కసారి అడిగి పోత. ఊర్కె మళ్ల చెప్తమనకు. రేపు రావాల్నా, వద్దా?”

సువార్త గుమ్మం పట్టుకుని నిలబడింది. నర్సరీలో తను అడిగిన ప్రతిదానికీ ‘జరగవు’ అనే జవాబే వచ్చింది. తను రోజూ భయపడేదంతా ఈ మనిషి చేతిలో ఒకసారి జరిగింది, ఆ మాట ఆమే దాచకుండా ఒప్పుకుంది. రెండింటిలో ఏది ఎక్కువ భయమో తూచి చూద్దామంటే తల పనిచెయ్యడం లేదు. చాప మీద కళ్ళు తెరిచి పడుకున్న పిల్ల కనిపించింది. కళ్ళు తెరవకుండా ఒక పగలూ రాత్రీ పడుకున్న పిల్లాడూ కనిపించాడు. మేబెల్ బరువుకి చంక లాగేస్తోంది. పిల్లని అటు నుంచి ఇటు మార్చుకుంది. దూరంగా బొల్లారం వైపు వెళ్ళే బండి కూత వేసింది. బుచ్చమ్మ అటు చూసి, పోయే బండి పోనీ అన్నట్టు మళ్ళీ ఇటు తిరిగింది. వెళ్ళలేదు. లోపల యెషయా పేపరు మడతపెట్టిన చప్పుడు వినపడింది.

సువార్త గుమ్మం వదిలి ఒకడుగు ముందుకేసింది.

“రా” అంది సువార్త. “ఏడు గంటల బండికే రా. కానీ పగలు దీన్ని నిద్రపుచ్చకు. ఏడిస్తే ఏడవనీ.”