రెండు పొలాలు వెనక్కి జరిగిన గీత

శేషగిరి ఇంగ్లండ్‌లోని బ్రాక్‌నెల్‌లో ఒక ప్లానింగ్ కన్సల్టెన్సీలో పనిచేసేవాడు. యుద్ధ విమానాల రొద ఎంతవరకు పాకుతుందో లెక్కగట్టి, వైమానిక స్థావరం చుట్టూ మ్యాపు మీద గీత గీయడం అతని పని. గీత లోపల గోడౌన్లు, వర్క్‌షాపులు కట్టుకోవచ్చు. ఇళ్లూ బళ్లూ కట్టకూడదు.

మూడేళ్ల క్రితం ఒక బిల్డరు కోసం గీసినప్పుడు, విమానాలు ఎగరని శనాదివారాలనూ సెలవులనూ కలిపేసి సగటు తీశాడు. మేనేజరు అలాగే చేయమన్నాడు. తప్పని తెలిసీ శేషగిరి తలూపాడు. రొద తక్కువని తేలి, గీత రెండు పొలాల మేర వెనక్కి జరిగింది. ఆ పొలాల్లో అరవై ఇళ్లు లేచాయి.

అందులో ఒకటి బిందుమాధవి కొన్నది. కాకినాడ అమ్మాయి, దగ్గర్లోని హాస్పిటల్‌లో డాక్టరు. శేషగిరి కుటుంబానికి బాగా కావలసిన మనిషి. గృహప్రవేశం గురువారం పెట్టుకుంది.

పాలు పొంగుతుండగా జెట్ ఒకటి ఇంటి మీదుగా వెళ్లింది. కిటికీలు దడదడలాడాయి. పంతులుగారి మంత్రం ఆగిపోయింది. నాలుగేళ్ల అనన్య చెవులు మూసుకుని, "టూ లౌడ్, మమ్మీ!" అని ఏడుపందుకుంది.

"ఎప్పుడో ఒకటి వెళ్తుందిలే నాన్నా," అని కూతుర్ని ఎత్తుకుంది బిందుమాధవి. శేషగిరివైపు తిరిగి నవ్వింది. "విమానాల రొద రిపోర్టు మీద మీ పేరు చూశాకే ధైర్యం చేశామన్నయ్యా."

శేషగిరి పరమాన్నం గిన్నె పక్కన పెట్టాడు. వెనుక తోటలో ఆమె ఒంటరిగా దొరికినప్పుడు చెప్పేశాడు.

"బిందూ, ఆ గీత తప్పమ్మా."

"పొరపాటు పడ్డారా?"

"లేదు. తెలిసే గీశాను."

"డ్యూటీ రోటాలో నాకు నైట్స్ పడతాయి. పగలు పడుకోవాలి. ఆ సంగతి మీకు తెలుసుగా?"

ఇల్లు కొంటున్నానని ఆమె ఫోన్ చేసిన రోజే అతనికి తెలుసు. ఆ రోజు కంగ్రాచ్యులేషన్స్ చెప్పి ఊరుకున్నాడు. ఇప్పుడది తలచుకుంటే తల ఎత్తలేకపోయాడు.

మర్నాడు అసలు లెక్కలన్నీ ఇళ్లకు అనుమతులిచ్చే కౌన్సిల్‌కు పంపాడు. వారం తిరక్కుండా ఉద్యోగం పోయింది. పక్క పొలాల్లో రావలసిన వంద ఇళ్లూ ప్రైమరీ స్కూలూ ఆగిపోయాయి. కౌన్సిల్ ఆఫీసరు ఫోన్ చేసి ధైర్యవంతుడివని మెచ్చుకుంటే, శేషగిరికి చెంప మీద కొట్టినట్టయింది.

కౌన్సిల్ వాళ్లు బిల్డరు చేత అరవై ఇళ్ల కిటికీలకూ మందపాటి అద్దాలు వేయించారు. తలుపులు మూసుకుంటే ఇప్పుడు కొంత నయం. ఎండ కాసిన రోజు మాత్రం, పిల్లలు తోటలో ఆడుతూ ఆడుతూ చెవులు మూసుకుంటారు.