తేనెటీగకి పండగ లేదు

రమణి మొండిదని ఊరంతా ఎరుగుదురు. ఆ మాట మొదట అన్నది ఆమె బావ సోంబరు. మొగుడి అన్న కదా, అనగలడు. ఆయన మాత్రం తక్కువా? తాను పట్టిన కుందేలుకి మూడే కాళ్లనే రకం. అలాంటి ఇద్దరి మధ్యా పడింది, అరకు సంతకి రెండు కొండల అవతలున్న ఆ ఊళ్లో, వాగు పక్కనున్న కింది మడి.

మడి ఉమ్మడిది. అందులో ఏటా పసుపే. ఎప్పుడు నాటాలో, ఎప్పుడు తవ్వాలో సోంబరు చెబుతాడు. రమణి నాటుతుంది, తవ్వుతుంది, మోస్తుంది, ఉడకబెడుతుంది. మొగుడు ఫల్గుణ పాడేరు జీపు నడుపుతాడు. ఇంట్లో ఏమడిగినా "అన్న ఎలగంటే అలగే" అంటాడు. జీపుకి అయిదు గేర్లున్నాయి గానీ అతనికి ఒక్కటే.

ఈ మాఘంలో రమణి నోరు తెరిచి అడిగేసింది. కింది మడిలో ప్లాస్టిక్ ఇల్లు వేసి పుచ్చకాయలు పండిస్తానంది. సోంబరు పొట్ట పట్టుకుని నవ్వాడు.

"మంచులో పుచ్చకాయేటి? అది ఇసకలో, ఎండలో కాసేది. సరే, కానీ. తొలకరి పడీలోపు కాయ సూపించు, మడి నీది. సూపించలేదా, ఆ కర్రలన్నీ పీకీసి పసుపు పెట్టెత్తాను. మళ్లీ నువ్వు మడి మాటెత్తకూడదు."

"ఎత్తను బావా," అంది రమణి.

వెదురు గడలు వంచి పాతింది. పైన ప్లాస్టిక్ పట్టా కప్పి, పక్కలకి సన్నటి వల కట్టింది. బయట చలికి వేళ్లు కొంకర్లు పోతుంటే లోపల అమ్మ ఒడిలో ఉన్నట్టు వెచ్చగా ఉండేది. పురుగు దూరుతుందేమోనని వలలో ఎక్కడ చిల్లు కనబడినా సూదీ దారం తీసి కుట్టేసింది. తలుపు దగ్గర కూడా చీమ దూరే సందు ఉంచలేదు.

పాదులు తాళ్ల మీద ఎగబాకి పచ్చటి పూలు పూశాయి. ఆడపువ్వు కింద బఠాణీ గింజంత పిందె ఉంటుంది. వారం తిరిగేసరికి ఆ పిందెలన్నీ పండుబారి రాలిపోయాయి. రమణి నీళ్లు ఎక్కువయ్యాయని ఒకరోజు మానేసింది, తక్కువయ్యాయని మర్నాడు రెండింతలు పోసింది. చివరికి రాలిన పిందెలు కొంగున కట్టుకుని సంతలో విత్తనాల కొట్టుకి పరిగెత్తింది.

కొట్టు వరహాలరావుది. విజయనగరం వైపు నుంచి వచ్చి స్థిరపడ్డాడు. పిందెలు చూసి, "లోపల తేనెటీగలు తిరుగుతన్నాయా?" అని అడిగాడు.

రమణి తెల్లబోయింది. కొండ మీద పుట్టినవాళ్లకి తేనెటీగలు గాలిలాంటివి. ఉన్నాయో లేవో ఎవరు చూస్తారు? వాటిని చేతులారా బయట పెట్టి కుట్టేసింది తనే.

మడికెళ్లి వల ఎత్తి రెండు రోజులు చూసింది. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టయింది. చుట్టూ అడవంతా పూతలో ఉంటే ప్లాస్టిక్ వాసన కోసం వచ్చే తేనెటీగ ఎక్కడుంది? ఇక మిగిలింది ఒకటే దారి. వరహాలరావు నేర్పినట్టు, పొద్దున్న తొమ్మిది లోపల పోతుపువ్వు తెంపి, రేకులు వలిచి, ఆడపువ్వు మీద మెల్లగా రాయాలి. "ఈ రెండో పూతే ఆఖరు తల్లీ. ఇదీ పోతే తీగలో సత్తువుండదు," అన్నాడాయన.

ఆ రెండో పూత సరిగ్గా ఇటుకల పండగ, అంటే విత్తనాల పండగ, మొదటిరోజు విచ్చుకుంది. ఊరి కట్టుబాటు ప్రకారం పండగ జరిగే అయిదు రోజులూ ఎవరూ మట్టి ముట్టకూడదు, మడిలో పని చెయ్యకూడదు. చేస్తే ఊరికి వాన తప్పుతుందంటారు.

చాటుగా వెళ్లి పువ్వులకి రాసేస్తే ఎవరికి తెలుస్తుంది? ఆ ఆలోచన రమణికి రాకపోలేదు. వచ్చినందుకు సిగ్గుపడింది. దొంగచాటుగా కాయించిన కాయని బావ ముందు పెట్టి, ఇదిగో నా మడి అని ఏ మొహంతో అనడం?

పండగ పూజ పెట్టే దిసారి మంగ్లు శంకుదేవుడి రాయి ముందు కూర్చుని ఉన్నాడు. ఇంటింటి నుంచీ తెచ్చిన విత్తనాలు పూజకి పోస్తున్నారు. చోళ్లు, సామలు, కందులు. రమణి వెళ్లి ఆ కుప్పలో గుప్పెడు పుచ్చగింజలు పోసింది. ఎవరో కిసుక్కున నవ్వారు.

"తాతా, ఇదీ ఇత్తనమే. నాను మట్టి ముట్టను. పువ్వు ముట్టొచ్చా?"

"ఏటి సేత్తావు పువ్వుని?" అన్నాడు దిసారి.

తెచ్చిన రెండు పూలతో చేసి చూపించింది. ముసలాయన కళ్లు దగ్గరపెట్టుకుని చూశాడు.

"ఇది మనిషి పని కాదు గుంటా, తేనెటీగ పని. తేనెటీగకి పండగ లేదు."

"మనిషి సేత్తే మనిషి పనే గదా," అన్నాడు సోంబరు వెనక నుంచి.

"అయితే తేనెటీగలాగే సెయ్యాల. పనిముట్టు పట్టకూడదు, తోడు ఎవుల్నీ పిలవకూడదు. తేనెటీగ నీళ్లు పెట్టదు గాబట్టి నువ్వూ పెట్టకూడదు," అన్నాడు దిసారి. రమణి సరేనని గబగబా మడికి పరిగెత్తింది. పొద్దెక్కిపోతోంది.

అయిదు రోజులు నీళ్లు లేకుండా! మూడు పొద్దులు పాదులు ఓర్చుకున్నాయి. నాలుగో రోజు ఆకులు వడలి వేలాడాయి. పక్కనే వాగు గలగలా పారుతోంది. గట్టు మీద సోంబరు చుట్ట కాలుస్తూ కూర్చున్నాడు, కడవ ఎత్తుతుందేమో చూద్దామని. రమణికి ఏడుపొచ్చింది. ఏడుస్తూనే పువ్వు పువ్వుకీ రాసింది, ఒక్కటీ వదల్లేదు. కడవ జోలికి పోలేదు. అయిదో రోజు సాయంత్రం పండగ అయిపోయిందని డప్పు మోగాక, నడుం విరిగేదాకా నీళ్లు మోసింది.

వైశాఖం చివర్లో తొలకరి పడింది. మర్నాడు పొద్దున్నే సోంబరు గునపం భుజాన పెట్టుకుని దిగాడు. కాయలున్నాయని ఊళ్లో అంటుంటే విన్నాడు గానీ నమ్మలేదు. వల ఎత్తి, లోపల రమణి పని చేసుకుంటున్న చోటికొచ్చి నిలబడిపోయాడు. చారల చారల కాయలు, ఒక్కోటి మూడు కిలోలకి తగ్గవు, గుడ్డ ఉయ్యాలల్లో వేలాడుతున్నాయి.

"ఇయన్నీ నువ్వు ఏలితో ముట్టినవేనేటి?"

రమణి జవాబు చెప్పేలోపే ఆయన పక్కన ఒక ఉయ్యాలకి కట్టిన ముడి జారింది. సోంబరు గునపం వదిలేసి కాయని రెండు చేతులా పట్టుకున్నాడు.

"కదలకు బావా! తీగ తెగిపోద్ది," అంటూ రమణి గుడ్డ కోసం వెతికింది. సోంబరు బిగుసుకుపోయి నిలబడ్డాడు. కాయ కదల్లేదు.

"పసుపు పై మడిలో పెట్టుకుంటాన్లే," అన్నాడు కాయ వైపే చూస్తూ. మళ్లీ, "ఇవి కోసినాక ఇందులో ఏటి పెడతావు?" అని అడిగాడు.

రమణికి జవాబు ఎప్పటి నుంచో మనసులో ఉంది. అయినా తొందరపడలేదు. ఉయ్యాల గుడ్డ కాయ కిందికి దూర్చి, కొసలు చేత పట్టుకుంది.

"సెప్తాను. ముందు కాయ కాస్త పైకెత్తు."

సోంబరు ఎత్తాడు.