దాచిన సీసాలు

వెర్న్ షెడ్డులోంచి పోలీసులు సీసాలు మోసుకొస్తున్నారు. గోధుమరంగు చిన్న సీసాలు. వాటి కోసమే వచ్చిన లియోనీ రోడ్డు పక్కన కారు ఆపుకుని, స్టీరింగు మీదికి వంగి తల దాచుకుంది.

వెర్న్ ముసలివాడు. గంజాయి నూనె కాచి, ఊళ్ళో ఫిట్స్ వచ్చే పిల్లలకు ఊరికే ఇచ్చేవాడు. బేడీలు వేసి బండెక్కిస్తుంటే ఆయన లియోనీ ఉన్న వైపు ఒక్కసారి కూడా చూడలేదు. చూస్తే ఆమెకు ముప్పని తెలుసు.

కారు దిగాలి, నా కూతురు బతికుందంటే ఈయన వల్లేనని అరవాలి. అరిస్తే రేపు పిల్లల సంక్షేమశాఖ వాళ్ళు తలుపు తడతారు. ఏడేళ్ళ బ్రైడీని తీసుకుపోతారు. లియోనీ నోరు నొక్కుకుని కూర్చుంది.

గనుల్లోకి వెళ్ళిన మొగుడు తిరిగి రాలేదు. బ్రైడీకి ఫిట్స్ వచ్చిన రాత్రులన్నీ ఒక్కతే కాపలా కాసింది. నూనె మొదలెట్టాక ఫిట్స్ తగ్గాయి, ఒంటరితనం మాత్రం రెట్టింపయింది. అంత సంతోషాన్ని చెప్పుకోవడానికి ఒక్క మనిషి లేదు. సీసా ఫ్రిజ్‌లో ఆవాల ముద్ద డబ్బా వెనక ఉండేది. బయటికెళ్తే మధ్యాహ్నం చుక్కలు మరుగుదొడ్డిలో గడియ పెట్టుకుని పోసేది.

పోలీసు బండి వెళ్ళిపోయింది. పొదల చాటునుంచి ఇంకో కారు కదిలింది. లోపల సులియెటి. మాంసం ఫ్యాక్టరీలో ఏళ్ళుగా లియోనీ పక్కనే నిలబడి ముక్కలు పొట్లాలు కట్టే టోంగా దీవుల మనిషి.

"నువ్వేంటే ఇక్కడ?" అంది లియోనీ.

"గుడ్లు కొందామని."

"వెర్న్ దగ్గర కోళ్ళు లేవు కదే."

"మరి నువ్వేం కొనడానికొచ్చావ్?"

ఇద్దరూ నవ్వబోయి ఏడ్చారు. ఎవరికీ చెప్పొద్దని వెర్న్ ఇద్దరితోనూ ఒట్టు వేయించుకున్నాడు, వాళ్ళ మేలు కోసమే. అదే పొరపాటయింది. ఒకే బల్ల దగ్గర, ఒకే కత్తి మార్చుకుంటూ, ఒకే రకం సీసా ఒకరికి తెలియకుండా ఒకరు దాచుకున్నారు. ఎర్రబడ్డ కళ్ళు చూసి "రాత్రంతా ఎక్కడ తిరిగొచ్చావే" అని ఎగతాళి కూడా చేసుకున్నారు. తల్లులను ఇలా విడివిడిగా దాక్కోనిస్తే చాలు, దొరతనానికి వేరే లాఠీ అక్కర్లేదు.

ఫ్యాక్టరీలో టీ వేళ గుసగుసగా అడుగుతూ పోతే ఇంకొందరు తల్లులు బయటపడ్డారు. ఆదివారం సులియెటి వాళ్ళ చర్చి వంటగదిలో కలిశారు. గది నిండిపోయింది.

"మనమే మొక్కలు పెంచుదాం," అందొకామె.

"పెంచు. జైల్లో వెర్న్ పక్క గదిలో నీకూ చోటుంటుంది."

లియోనీ లేచింది. "వినండి. చట్టం మారి చాలా కాలమైంది. డాక్టరు రాజధాని కాన్‌బెర్రాకి దరఖాస్తు పెట్టి అనుమతి తెస్తే ఈ నూనె మందుల షాపులోనే ఇస్తారు. పిల్లలకైతే పెద్ద డాక్టరు కూడా ఒప్పుకోవాలి. సిడ్నీలో బ్రైడీని చూసే ఆవిడ ఒప్పుకుంది. దరఖాస్తు పంపాల్సింది మన ఊరి డాక్టరు. ఆయన పంపడు. క్లినిక్ నియమమంట."

"మాకూ అదే చెప్పాడు!"

"నీ ఒక్కదానికోసం నియమం మార్చమంటావా అన్నాడు నన్ను."

"నన్నూ అంతే అన్నాడు!"

"అయితే అందరం ఒకే రోజు క్లినిక్‌కి పోయి కూర్చుందాం," అంది లియోనీ.

మెర్ల్ ఆంటీ కప్పు కింద పెట్టింది. ఫిట్స్ వచ్చే మనవణ్ణి పెంచుతున్న ఆదివాసీ పెద్దావిడ. "మా అమ్మను చిన్నప్పుడు సర్కారోళ్ళు మా అమ్మమ్మ ఒళ్ళోంచి లాక్కుపోయారు పిల్లా. పేరు రాసుకున్న మర్నాడే. నేను వస్తా, కూర్చుంటా. పేరు మాత్రం చెప్పను."

మంగళవారం డాక్టరు దగ్గర ఖాళీగా ఉన్న అపాయింట్‌మెంట్లన్నీ తామే తీసుకోవాలని తీర్మానించారు. ఒక్కొక్కరూ వెళ్ళి ఒక్కటే అడగాలి.

మంగళవారం క్లినిక్‌లో కుర్చీలు చాలలేదు. పిల్లల చక్రాల కుర్చీలతో దారి మూసుకుపోయింది. లోపలికెళ్ళిన ప్రతి తల్లీ దరఖాస్తు పంపమంది, ప్రతి తల్లికీ డాక్టరు నియమమే చెప్పాడు. బయటికొచ్చిన తల్లి ఇంటికి పోకుండా మళ్ళీ కూర్చుంది. కౌంటర్లో అమ్మాయి ఫోనెత్తి పోలీసులను పిలిచింది.

అంతలో బ్రైడీ బిగుసుకుపోయింది.

వెర్న్‌ను పట్టుకుపోయినప్పటినుంచి లియోనీ ఉన్నదాన్నే చుక్కలు తగ్గించి పోస్తోంది. ఫిట్స్ తిరిగొచ్చాయి. ఆమె నేలమీదికి దూకేలోపే ఎవరో కుర్చీలు లాగేశారు. ఎవరో తల కింద కోటు పెట్టారు. సులియెటి పిల్లను పక్కకు తిప్పింది. ఇంకెవరో గడియారం చూస్తున్నారు. ఇన్నేళ్ళలో మొదటిసారి లియోనీకి కూతురి చెయ్యి పట్టుకోవడం తప్ప ఇంకో పని లేకపోయింది. అది భరించలేక వెక్కి వెక్కి ఏడ్చింది.

పిల్ల తేరుకుని నీళ్ళు తాగింది. మధ్యాహ్నం మందు వేళయింది. లియోనీ సంచిలో చెయ్యి పెట్టి, అలవాటుగా మరుగుదొడ్డి వైపు చూసింది. తర్వాత అక్కడే, అందరి ముందూ సీసా తీసి, బ్రైడీ నాలుక కింద చుక్కలు పోసింది.

తలుపు దగ్గర సార్జెంట్ గ్రెగ్ నిలబడి ఉన్నాడు. లియోనీతో కలిసి చదువుకున్నవాడు.

"అదిలా ఇవ్వు లియోనీ. నన్ను ఇబ్బంది పెట్టకు."

"ఇబ్బంది నీకా గ్రెగ్?"

సీసా లాక్కుని ఆమె మణికట్టు పట్టుకున్నాడు. మెర్ల్ ఆంటీ మోకాళ్ళు పట్టుకుని లేచింది. కౌంటర్ దాకా నడిచి, గోధుమరంగు సీసా టక్కున పెట్టింది.

"ఇదీ తీసుకుపో, బాబూ."

సులియెటి తనది పెట్టింది. తర్వాత ఇంకొకామె. సీసాలన్నీ పట్టుకోవడానికి గ్రెగ్‌కు చేతులు చాలలేదు. పట్టుకున్న మణికట్టు మాత్రం వదల్లేదు. లియోనీని గుమ్మం దాటించాడు. ఆమె వెనక్కి తిరిగి చూసింది. బ్రైడీ, తిరిగొచ్చి కూర్చున్న మెర్ల్ ఆంటీ భుజంమీద తల వాల్చి నిద్రపోతోంది.

"పిల్ల మా దగ్గరుంటుంది. నువ్వు పో తల్లీ," అంది పెద్దావిడ.

డాక్టరు తలుపు తెరుచుకుంది. కౌంటర్లో అమ్మాయి పెన్ను తీసుకుంది. "తర్వాత... తర్వాతెవరు?"

"నేనే," అంది మెర్ల్ ఆంటీ. "మెర్ల్ ఎడిత్ డార్గన్. పేరు పూర్తిగా రాసుకో."