మొదటి సూది

జుట్టు రాలకుండా ఏడాదిపాటు మింగిన మాత్రలు మానేసి పది నెలలైనా, ఐలేష్‌కు భార్య నర్మద మీద వాటితో పోయిన కోరిక తిరిగి రాలేదు. అదే గతి పట్టిన మగవాళ్లు దొంగ పేర్లతో గోడు చెప్పుకునే ఫోన్ గ్రూపులో పరిచయమైన తుర్కయాంజాల్ ఊరి సుశాంత్, ఇవాళ ఇబ్రహీంపట్నం బస్సు డిపో ఎదుటి హోటల్లో అతని ముందు కూర్చున్నాడు.

"హార్మోన్ సూదులకు మీరూ నాతో రండన్నా," అన్నాడు.

ఐలేష్‌కు ఒళ్లు మండింది. మాత్రలు అంటగట్టినవాడూ ఇలాగే తియ్యగా మాట్లాడాడు.

"కమీషన్ ఎంతిస్తున్రు నీకు? ఆ సూదులతో రేపు పిల్లలు పుట్టకపోతే ఎవని జిమ్మేదారి?"

"నాకూ భయమే అన్నా. కానీ ఒకాయనకు నయమైందిగా!"

"ఎవనికి? సూపియ్."

సుశాంత్ ఫోను తిప్పాడు. గ్రూపులో నెల కిందటి మాట: 'మూడు సూదులు ఏసుకున్న. అంత మంచిగైంది.' రాసింది 'సాగర్ రోడ్డు' అనేవాడు.

ఐలేష్ చాయ్ గ్లాసు కింద పెట్టేశాడు. ఆ గ్రూపులో తాను పెట్టుకున్న రెండో పేరది. ఒక్క సూదీ వేసుకోకుండానే రాశాడు, ఎవడో ఒకడు ముందు వేసుకుని ఏమైందో చెబుతాడని.

"ఆయన మాట నమ్మే మొన్న మొదటిది వేయించుకున్నానన్నా," అన్నాడు సుశాంత్.